అల్పపీడనం వార్తకు బజారు ఎంత కదలాలి?

అక్టోబరు, నవంబరు మాసాలలో బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడిందన్న కబురు వచ్చిందంటే చాలు, సాయంత్రానికల్లా కోస్తా బియ్యం బజారులో కొటేషన్లు కదులుతాయి. అమ్మకందార్లు చేయి వెనక్కు తీసుకుంటారు. స్టాకిస్టులు రేపు చూద్దామంటారు. సరుకు చేతిలో లేకుండా ముందస్తు బేరం కుదుర్చుకున్న ఎగుమతిదార్లు అడిగిన ధరకే కొనుగోళ్లకు దిగుతారు. రెండు రోజుల తరువాత ఆ అల్పపీడనం నడిసముద్రంలోనే బలహీనపడిపోయిందని తెలుస్తుంది. ఎక్కిన ధర ఎక్కినంత వేగంగానూ దిగుతుంది. ఈ ఎక్కుడు దిగుళ్ల మధ్య చేతులు కాల్చుకునే వారిలో అధికులు వాతావరణ శాఖ అంచనా తప్పడం వల్ల నష్టపోయినవారు కారు. ఆ శాఖ చెప్పినదేమిటో, తమ బేరం ఎన్నాళ్లకు సంబంధించినదో రెంటినీ పక్కపక్కన పెట్టి చూసుకోనివారే.

బులెటిన్‌లో వాడే మాటలు అలంకారానికి వాడినవి కావు. ఒక్కొక్క మాట వెనుక గాలి వేగానికి సంబంధించిన ఒక లెక్క ఉన్నది. గాలి వేగం గంటకు 31 కిలోమీటర్లు చేరేదాకా అది అల్పపీడనమే. 31 నుంచి 49 వరకు వాయుగుండం, 50 నుంచి 61 వరకు తీవ్ర వాయుగుండం. 62 దాటితేనే తుపాను, అప్పుడే దానికి పేరు పెడతారు. 89 నుంచి తీవ్ర తుపాను, 118 నుంచి అతి తీవ్ర తుపాను. ఆ పైన 167 కిలోమీటర్ల వద్ద మరొక మెట్టు, 222 వద్ద సూపర్ సైక్లోన్ అనే చివరి మెట్టు ఉన్నాయి. అటు అరేబియా సముద్రం, ఇటు బంగాళాఖాతం కలిపి ఏడాదికి సగటున పేరుపెట్టదగిన తుపానులు ఐదుకు అటూ ఇటూ మాత్రమే. వాటిలో నాలుగు వంతులు మన వైపువే. అల్పపీడనాలు అంతకు ఎన్నో రెట్లు వస్తాయి, పోతాయి. కనుక అల్పపీడనం అన్న మాట విని తుపాను ధర కట్టే వర్తకుడు రాని సరుకుకు సొమ్ము చెల్లిస్తున్నట్లే.

ఢిల్లీలోని ప్రాంతీయ తుపాను కేంద్రం ప్రతిరోజూ విడుదల చేసే ఉష్ణమండల వాతావరణ సూచనలో మరొక ఉపయోగకరమైన అంశం ఉన్నది. సముద్రంలో వాయుగుండం ఏర్పడడానికి గల అవకాశాన్ని లో, మోడరేట్, హై అని మూడు తరగతులుగా చెబుతారు. లో అంటే నూటికి 33 పాళ్ల వరకు, మోడరేట్ అంటే 34 నుంచి 67, ఆపైన హై. మోడరేట్ అని చూసి మోస్తరు తుపాను రాబోతున్నదని అర్థం చేసుకునేవారు బజారులో కొందరున్నారు. అక్కడ చెప్పింది తుపాను బలం గురించి కాదు, అసలు వాయుగుండం పుడుతుందా లేదా అన్నదాని గురించి. అది దాదాపు సగం సగం పందెం.

ఇక రేవులలో ఎగురవేసే ప్రమాద సూచికల సంగతి. ఈ ఒకటి నుంచి పదకొండు నెంబర్ల పద్ధతిని మనవారిలో చాలామంది జ్వరం కొలత వలె చదువుతారు. ఎనిమిది కన్న తొమ్మిది పెద్దది, తొమ్మిది కన్న పది పెద్దది అని. అది సరి కాదు. మొదటి నాలుగు నెంబర్ల వరకు ఆ లెక్క కొంతవరకు నడుస్తుంది. ఒకటి, రెండు నెంబర్లు దూర సముద్రంలోని వాయుగుండం, తుపానులకు సంబంధించినవి. రేవుకు ఇంకా ముప్పు లేదు, బయలుదేరే ఓడలు జాగ్రత్త పడాలని వాటి అర్థం. మూడో నెంబరు వస్తే రేవులోనే ఈదురుగాలులకు అవకాశమున్నది. నాలుగు వస్తే తుపాను ముప్పు రేవుకే ఉన్నది గాని, తీవ్రమైన ముందుజాగ్రత్తలకు ఇంకా సమయం కాలేదు. ఐదు నుంచి ఏడు వరకు ప్రమాద సూచికలు, ఎనిమిది నుంచి పది వరకు అతి ప్రమాద సూచికలు. ఈ మూడేసి నెంబర్ల లోపల ఉన్న తేడా బలంలో కాదు, దిక్కులో. ఐదు, ఎనిమిది అంటే తుపాను రేవును తన ఎడమ పక్కన వదిలి పోతుందని. ఆరు, తొమ్మిది అంటే కుడి పక్కన వదిలి పోతుందని. ఏడు, పది అంటే రేవు మీదుగానో, అతి చేరువగానో పోతుందని. పదకొండో నెంబరుకు గాలితో నిమిత్తం లేదు. వాతావరణ కేంద్రంతో సంబంధాలు తెగిపోయినాయని, వాతావరణం చెడగలదని స్థానిక అధికారి భావిస్తున్నాడని దాని అర్థం.

ఈ కుడి ఎడమల తేడా గిడ్డంగిలో సరుకు ఉన్నవారికి ముఖ్యం. మన అర్ధగోళంలో తుపాను గాలి గడియారపు ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది. నరసాపురం వద్ద పశ్చిమ వాయవ్యంగా తీరం దాటే తుపానును తీసుకుందాం. కాకినాడ, విశాఖపట్నం దానికి కుడి పక్కన పడతాయి. అక్కడ గాలి సముద్రం మీద నుంచి నేల మీదకు వీస్తుంది, నీటిని ఒడ్డుకు నెడుతుంది. మచిలీపట్నం ఎడమ పక్కన పడుతుంది. అక్కడ గాలి చాలావరకు నేల మీద నుంచి సముద్రం వైపు వీస్తుంది. వాన ఉంటుంది, చెట్లు కూలుతాయి గాని, ఉప్పెన భయం తక్కువ. అంటే ఒకే తుపానుకు ఒక రేవులో ఎనిమిది, మరొక రేవులో తొమ్మిది ఎగురవేస్తే, ఆ ఒక్క అంకె తేడా గిడ్డంగి నేల మీద పేర్చిన అడుగు వరుస బస్తాలకు సంబంధించినది. కేంద్రానికి చేరువలోనే ఈ తేడా తీవ్రంగా ఉంటుంది. దూరం పెరిగేకొద్దీ తగ్గుతుంది.

మన ప్రాంతానికి ఈ సూచికలతో పాత బంధమే ఉన్నది. 1839 నవంబరు తుపాను కోరంగి రేవును దెబ్బ తీసింది. కలకత్తాలో ఉండి ఈ గాలివానలను పరిశీలించిన హెన్రీ పిడింగ్టన్ 1848లో ‘సైక్లోన్’ అనే మాటను ప్రచారంలోకి తెచ్చాడు. 1864లో నెల తేడాతో కలకత్తా, మచిలీపట్నం రెండూ తుపానులకు గురి అయినాయి. మచిలీపట్నంలో సుమారు 30 వేల మంది మరణించారు. ఆ మరుసటి సంవత్సరమే కలకత్తా రేవుకు తుపాను హెచ్చరికల ఏర్పాటు మొదలైంది. వాతావరణ శాఖ 1875లో వచ్చింది. దేశంలో ఈ శాస్త్రం వర్తకం కోసం, ఓడల కోసం మొదలైందనే చెప్పవచ్చు. రైతు ఆ తరువాతనే వచ్చాడు.

కాకినాడ యాంకరేజి రేవులో ఈ బులెటిన్‌ల విలువ రూపాయలలో కనిపిస్తుంది. అక్కడ ఓడ గట్టుకు రాదు. దూరంగా లంగరు వేసుకుని ఉంటుంది. బియ్యం బస్తాలు బార్జీల మీద వెళ్లి ఓడ క్రేన్లతో పైకి చేరవలసిందే. హోప్ ఐలాండ్ అడ్డు ఉండబట్టి దక్షిణపు అలల బెడద తక్కువే గాని, ఉత్తరం, ఈశాన్యం నుంచి వచ్చే అలలకు అడ్డు లేదు. తుపానే రానక్కరలేదు. మూడో నెంబరు నాలుగు రోజులు నిలిచినా బార్జీలు కదలవు. హమాలీలు ఒడ్డున కూర్చుంటారు, ఓడ కిరాయి మాత్రం నడుస్తూనే ఉంటుంది.

ఇక్కడ చార్టర్ పార్టీలోని మాటలను చదువుకోవాలి. లోడింగు గడువును వాతావరణం అనుకూలించిన పనిరోజుల లెక్కన రాసుకున్నట్లయితే గాలివాన రోజులు గడువులో చేరవు. ఊరికే ఇన్ని రోజులు అని రాసుకున్నట్లయితే సముద్రం ఎంత ఉడికినా గడువు తరుగుతూనే ఉంటుంది. అంతకన్న కఠినమైన సంగతి మరొకటున్నది. గడువు ఒకసారి దాటి ఓడ డెమరేజిలోకి వెళ్లిందంటే, కాగితంలో ప్రత్యేకంగా రాసుకుంటే తప్ప, ఆ తరువాత వచ్చిన తుపాను డెమరేజిని ఆపదు. కనుక వాయుగుండం సూచన వచ్చిననాటికి గడువులో రెండు రోజులే మిగిలి ఉన్న ఎగుమతిదారుకూ, పది రోజులున్న ఎగుమతిదారుకూ ఆ వార్త విలువ ఒకటి కాదు. మొదటివాడు రాత్రింబవళ్లు బార్జీలు నడిపించి ఎక్కించగలిగినంత ఎక్కించడమే లాభం. రెండవవాడు తొందరపడి వానమబ్బు కింద బస్తాలు బయట పెట్టడం నష్టం. ఇక ఎల్‌సీలో రాసిన ఆఖరు షిప్‌మెంటు తేదీ తుపానును ఎరుగదు. దిగుమతిదారును అడిగి సవరణ తెప్పించుకోవడం ఒక్కటే దారి. అది గాలి మొదలయ్యాక కాదు, మూడు రోజుల ముందటి సూచన వచ్చినప్పుడే అడగవలసినది.

ఇన్సూరెన్సు విషయంలో మనవారి అజాగ్రత్త మరీ ఎక్కువ. సముద్ర రవాణా పాలసీలలో ఏ, బీ, సీ అని మూడు రకాల షరతులున్నాయి. సీ చౌక. అందులో ఓడలోకి, బార్జీలోకి సముద్రపు నీరు చేరి సరుకు తడిస్తే పరిహారం లేదు. బీలో అది ఉన్నది. కాని బార్జీ మీద బరకం ఎగిరిపోయి బస్తాలు వాననీటికి తడిస్తే బీ కూడా పనికిరాదు. దానికి ఏ ఉండాలి, లేక ప్రత్యేకంగా అడిగి చేర్పించుకోవాలి. ఆలస్యం వల్ల వచ్చిన నష్టం మూడింటిలోనూ లేదు. నవంబరులో బియ్యం ఎక్కిస్తూ సీ పాలసీ తీసుకునే వర్తకుడు మిగుల్చుకునే ప్రీమియం ఎంత, పెట్టే పందెం ఎంత అన్నది వారే లెక్క చూసుకోవాలి. తుపానుకు పేరు పెట్టాక కొత్త పాలసీ కోసం పరుగెత్తితే కంపెనీలు సాధారణంగా ఇష్టపడవు.

బులెటిన్‌లలో అలల ఎత్తును గురించి కూడా ఒక మాట. మోడరేట్ అంటే అలలు ఒకటింబావు నుంచి రెండున్నర మీటర్లు, రఫ్ అంటే రెండున్నర నుంచి నాలుగు, వెరీ రఫ్ అంటే నాలుగు నుంచి ఆరు. ఇది గరిష్ఠం కాదు. పెద్ద అలలలో మూడో వంతు తీసుకుని కట్టిన సగటు. అడపాదడపా దానికి రెట్టింపు అల కూడా రాగలదు. హైదరాబాదులోని జాతీయ సముద్ర సమాచార కేంద్రం, ఇన్‌కాయిస్, 1999 నుంచి పనిచేస్తున్నది. అది తీరాల వారీగా అలల సూచనలు, ఉధృతి హెచ్చరికలు ఇస్తున్నది. దక్షిణ హిందూ మహాసముద్రంలో ఎక్కడో రేగిన గాలివాన అలలు కొన్ని రోజులకు మన తీరం చేరతాయి. అప్పుడు ఇక్కడ ఆకాశం నిర్మలంగా ఉంటుంది, గాలి ఉండదు, సముద్రం మాత్రం ఊగుతుంది. కేరళలో దీనిని కళ్లక్కడల్ అంటారు, దొంగ సముద్రమని అర్థం. ఎండ కాస్తున్నదని బార్జీని ఓడ పక్కకు పంపేవారు ఈ సూచన ఒకసారి చూడడం మంచిది.

అంచనా ఎంతవరకు నమ్మదగినది? 24 గంటల ముందు చెప్పిన తుపాను స్థానానికీ, అది నిజంగా ఉన్న స్థానానికీ మధ్య తేడా ఇటీవలి సంవత్సరాలలో సగటున 75 కిలోమీటర్ల ప్రాంతంలో ఉన్నది. మూడు రోజుల ముందైతే అది సుమారు 150. ఇది ఇరవై ముప్పై ఏళ్ల క్రితంతో పోలిస్తే ఎంతో మెరుగు. అయితే మచిలీపట్నానికీ కాకినాడకూ మధ్య సరళరేఖలో దూరం 150 కిలోమీటర్ల లోపే. కాకినాడకూ విశాఖకూ కూడా ఇంచుమించు అంతే. కాబట్టి మూడు రోజుల ముందు పటంలో గీసిన గీత ఏ రేవు మీద ఉన్నదని చూసి సరుకు ఒక రేవు నుంచి మరొక రేవుకు లారీల మీద తరలించడం పెద్దగా అర్థం లేని పని. గీత చుట్టూ గరాటు ఆకారంలో చూపే మేర ఉన్నదే, దానిని చూడాలి. రేవు ఆ గరాటు లోపల ఉంటే సిద్ధపడాలి, అంతే.

బలం అంచనా దారి అంచనా కన్న కష్టం. 2013 నవంబరు 22న హెలెన్ తుపాను మచిలీపట్నం వద్ద తీరం దాటింది. వారం తిరగకుండానే లెహర్ అతి తీవ్ర తుపానుగా మన తీరం వైపు బయలుదేరింది. కాని నడిసముద్రంలో పొడిగాలి లోపలికి చొరబడడం, పైగాలులు అడ్డు తగలడం, నీటి వెచ్చదనం తగ్గడం వంటి కారణాల వల్ల అది వేగంగా కుంగిపోయింది. నవంబరు 28న మచిలీపట్నం సమీపంలో వాయుగుండంగా మాత్రమే తీరం దాటింది. అతి తీవ్ర తుపాను ధరకు సరుకు పోగుచేసినవారికి మిగిలింది వాయుగుండం. దారి తప్పలేదు, బలం తప్పింది.

తుపాను నిజంగానే వస్తే ధర ఎటు పోతుంది? పైకే అని చాలామంది అనుకుంటారు. డెల్టాలో సార్వా కోతల సమయమూ, బంగాళాఖాతంలో తుపానులు ముమ్మరించే సమయమూ ఒకటే కావడం మన దురదృష్టం. పనల మీద ఉన్న వరి తడిస్తే, రైతు ఆరబెట్టే జాగా లేక వచ్చిన ధరకు అమ్ముకుంటాడు. ప్రభుత్వ కొనుగోలుకు తేమ 17 శాతం మించరాదు. మించిన ధాన్యం, రంగు మారిన ధాన్యం, మొలకెత్తిన ధాన్యం అన్నీ ఒక్కసారిగా ప్రయివేటు బజారు మీద పడతాయి. తొలి రెండు మూడు వారాలు కొత్త ధాన్యం ధర మెత్తబడి, పాత బియ్యం ధర బిగుసుకునేది ఇందువల్లనే. నూక శాతం పెరుగుతుంది, మిల్లు రాబడి తగ్గుతుంది. 2023 డిసెంబరు 5న బాపట్ల సమీపంలో తీరం దాటిన మిచౌంగ్ తుపాను కోతల వేళ వానలు కురిపించింది. అటువంటప్పుడు టోకు వర్తకుడు చూడవలసినది ఎన్ని ఎకరాలు మునిగాయన్న అంకె ఒక్కటే కాదు. కోత పూర్తయి గాదె చేరినది ఎంత, పనల మీద ఉన్నది ఎంత అన్నది కూడా చూడాలి.

కొబ్బరిది వేరే కథ. 1996 నవంబరు 6 తుపాను కోనసీమ తోటలను నేలమట్టం చేసింది. పడిపోయిన చెట్ల కాయలు కొద్ది రోజులు బజారును ముంచెత్తుతాయి. ఆ తరువాత కొరత వస్తుంది. మొక్క నాటి కాపుకు రావడానికి ఐదారేళ్లయినా పడుతుంది కనుక అది ఒక సీజనుతో తీరేది కాదు. వరికి నెలలలో లెక్కించే నష్టాన్ని అంబాజీపేట కొబ్బరి మార్కెట్ సంవత్సరాలలో లెక్కించుకోవలసి వచ్చింది.

సంవత్సరాలలో లెక్కించవలసిన సముద్రపు వార్త మరొకటున్నది. అది మన సముద్రానిది కాదు. పసిఫిక్ మధ్యభాగంలో భూమధ్యరేఖ పొడవునా నీరు మామూలు కన్న అర డిగ్రీ సెంటీగ్రేడు ఎక్కువ వేడెక్కి నెలల తరబడి అలాగే ఉంటే ఎల్‌నినో అంటారు. 1904 నుంచి 1924 వరకు మన వాతావరణ శాఖకు అధిపతిగా ఉన్న గిల్బర్ట్ వాకర్, మన రుతుపవనాల జాడ వెతుకుతూనే పసిఫిక్, హిందూ మహాసముద్రాల మధ్య వాయుపీడనం ఒకచోట పెరిగితే మరొకచోట తగ్గే ఈ ఊయలను కనుగొన్నాడు.

పెరూ తీరంలో చల్లని నీరు అడుగు నుంచి పైకి ఉబికి రావడం వల్ల ఆంకోవీ అనే చిన్న చేప కొల్లలుగా పెరుగుతుంది. దానిని చేపపిండి చేసి పశువుల మేతకు, రొయ్యల మేతకు ప్రపంచమంతా కొంటుంది. 1970లో పెరూ కోటీ 20 లక్షల టన్నులకు పైగా ఆంకోవీ పట్టింది. అతిగా పట్టడానికి 1972 ఎల్‌నినో తోడై, 1973 నాటికి అది 20 లక్షల ప్రాంతానికి పడిపోయింది. చేపపిండికి బదులు అందరూ సోయా చెక్క మీద పడ్డారు. ధర ఎంత ఎగిసిందంటే 1973 జూన్‌లో అమెరికా సోయా ఎగుమతులనే నిలిపివేసింది. 2023లోనూ పెరూ తన ప్రధాన వేట ప్రాంతంలో మొదటి సీజనును రద్దు చేసింది. భీమవరం రొయ్యల చెరువుకూ పెరూ తీరానికీ ఉన్న బంధం మేత బస్తా మీద ధరలో కనిపిస్తుంది.

పామాయిల్ సంగతికి వస్తే, ఎల్‌నినో వస్తున్నదని తెలిసిన రోజునే ధర పెంచుకునే బజారు తొందరపడుతున్నట్లు లెక్క. వాన తగ్గినప్పుడు పామాయిల్ చెట్టు ఆ నెలలో దిగుబడి తగ్గించదు. పూత దశలో తిన్న దెబ్బ గెల రూపంలో కనిపించడానికి ఆరు నెలల నుంచి ఏడాది, ఒక్కొక్కప్పుడు అంతకు మించి పడుతుంది. 2015లో ఎల్‌నినో తీవ్రంగా ఉన్నప్పుడు మలేషియా ఉత్పత్తి దాదాపు 2 కోట్ల టన్నులు. మరుసటి ఏడు, ఎల్‌నినో చల్లారిన తరువాత, అది కోటీ 73 లక్షలకు తగ్గింది. కాకినాడ, కృష్ణపట్నం రిఫైనరీలకు ముడినూనె కొనేవారు ఈ ఏడాది సముద్రాన్ని చూసి వచ్చే ఏడాది కొనుగోళ్లు నిర్ణయించుకోవలసి ఉంటుంది.

మన వానలకు మాత్రం ఎల్‌నినో తీర్పు కాదు, అభియోగం మాత్రమే. 1997లో ఎల్‌నినో ఆ శతాబ్దపు బలమైనవాటిలో ఒకటి. ఆ ఏడు దేశంలో వాన సగటుకు 102 శాతం పడింది. 2002లో అంతకన్న బలహీనమైన ఎల్‌నినో వచ్చి వాన 81 శాతానికి దిగింది. 2009లో 78. ఈ తేడాకు ఒక ముఖ్య కారణాన్ని 1999లో గుర్తించారు. హిందూ మహాసముద్రంలో ఆఫ్రికా వైపు నీరు వేడెక్కి సుమత్రా వైపు చల్లబడితే అది మనకు మేలు చేస్తుంది. 1997లో అదే జరిగింది. 2019లోనూ జరిగింది, వాన 110 శాతం పడింది. ఎల్‌నినో అంకెను ఒక్కదానినే చూసి పప్పుధాన్యాలు పోగుచేసేవారు ఈ రెండో అంకెను కూడా పక్కన రాసుకోవాలి.

అయినా అభియోగానికే ప్రభుత్వాలు భయపడతాయి. వర్తకుడు లెక్కలోకి తీసుకోవలసిన గట్టి ప్రమాదం అది. దేశంలో బియ్యం ధరలు పెరుగుతూ, ఎల్‌నినో భయం తోడై ఉన్న వేళ 2023 జూలై 20న బాస్మతీయేతర తెల్లబియ్యం ఎగుమతిని కేంద్రం నిషేధించింది. ఉత్తర్వుకు ముందే లోడింగు ప్రారంభమైన ఓడలకు మినహాయింపు ఇచ్చారు. మినహాయింపు దొరికిన ఓడకూ, దొరకని ఓడకూ మధ్య తేడా ఆనాడు కోట్ల మీద తేలింది. ఆ ఆగస్టు 1901 తరువాత దేశంలో అతి తక్కువ వాన కురిసిన ఆగస్టు. తీరా సీజను మొత్తం చూస్తే వాన 94 శాతం. నిషేధం 2024 సెప్టెంబరులో గాని పోలేదు.

రేపటి తుపానుకూ, వచ్చే ఏటి పామాయిల్‌కూ నడుమ రెండు మూడు వారాల సూచన ఒకటున్నది. దానిని మన బజారు అసలు పట్టించుకోదు. 1971లో మాడెన్, జూలియన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు గుర్తించిన ఒక మబ్బుల అల, 30 నుంచి 60 రోజులలో ఉష్ణమండల సముద్రాల మీదుగా పడమటి నుంచి తూర్పుకు సాగుతుంది. దాని తడి భాగం బంగాళాఖాతం మీదకు వచ్చినప్పుడు తుపానులకు అవకాశం పెరుగుతుంది, పొడి భాగం వచ్చినప్పుడు తగ్గుతుంది. వాతావరణ శాఖ ప్రతి గురువారం ఇచ్చే రెండు వారాల సూచనలో ఇది ఉంటుంది. ఓడ ఏ తేదీకి రేవుకు రావాలని రాసుకునేవారికి ఇది అన్నిటికన్న పనికివచ్చే కాగితమని మా అభిప్రాయం.

అంతర్జాతీయ బులెటిన్‌లలో వేళలను యూటీసీలో రాస్తారు. మన వేళ అంతకు ఐదున్నర గంటలు ముందు. 0000 అంటే మనకు ఉదయం 5.30, 1200 అంటే సాయంత్రం 5.30. తీరం దాటేది 27వ తేదీ 2100 గంటలకు అని ఉంటే అది మనకు 28 తెల్లవారుజామున 2.30. ఎల్‌సీ గడువు 28తో ముగిసేవారికి 27 పగలంతా చేతిలో ఉన్నట్లు కాదు. బార్జీల పని అంతకు ఎన్నో గంటల ముందే ఆగిపోతుంది కనుక 26 రాత్రి వరకే ఉన్నట్లు.